కంపెనీ మూతపడింది, విద్య మిగిలింది

మ్యూనిక్‌లో మరియన్‌ప్లాట్జ్ కూడలి దాటి జంట గోపురాల చర్చి వైపు నడుస్తుంటే తీరెక్‌స్ట్రాసె అనే ఇరుకు సందు వస్తుంది. 1801 జులై 21న ఈ సందులో అద్దాలకు మెరుగుపెట్టే ఒక యజమాని ఇల్లు కుప్పకూలింది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పద్నాలుగేళ్ల అనాథ శిథిలాల కింద చిక్కుకుపోయాడు. గంటల తరబడి తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. అక్కడికి వచ్చిన బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ ఆ కుర్రాడికి 18 డ్యూకట్లు ఇప్పించాడు. యుట్స్‌ష్నైడర్ అనే పారిశ్రామికవేత్త చదువుకోమని పుస్తకాలిచ్చాడు. కొన్నేళ్లకు తన దృశ్య పరికరాల సంస్థలోకి తీసుకున్నాడు. ఆ కుర్రాడే జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్. సూర్యకాంతిని విడదీసినప్పుడు కనిపించే నల్లగీతలను 1814లో ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కగట్టాడు. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో ఇక్కడ కూర్చుని చెప్పగల శాస్త్రానికి ఆ గీతలే ఆధారం. 39 ఏళ్లకే పోయాడు. మాక్సిమిలియన్‌స్ట్రాసె వీధిలో ఆయన విగ్రహం ఉంది.

ఏలికవారి సొమ్ము, షావుకారు సొమ్ము ఒకే పిల్లవాడి చదువుకు అందాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, ఊళ్లన్నీ రాళ్లకుప్పలైన దేశంలో, 1949 మార్చి 26న ఇదే నగరంలో ఒక పరిశోధన సంఘం పెట్టినప్పుడు దానికి ఫ్రౌన్‌హోఫర్ పేరే పెట్టుకున్నారు. ఆ సంఘం ఇవాళ దేశమంతటా సుమారు 75 సంస్థలు, 30 వేలకు మించిన సిబ్బందితో నడుస్తోంది. నా ప్రయాణం దాని జాడ పట్టుకుని సాగింది. మన దగ్గర ఊరూరా ఇన్నోవేషన్ హబ్ అనే మాట వినబడుతోంది. దానికి ప్రభుత్వం ఎంత పెట్టాలి, కంపెనీలు ఎంత పెట్టాలి, పెట్టిన డబ్బు ఏ పనికి పోవాలి అన్నది చాలాకాలంగా నన్ను వేధిస్తున్న ప్రశ్న. ఈ పనిలో ఆరితేరిన దేశాన్ని కళ్లారా చూడాలనుకున్నాను.

ఫ్రౌన్‌హోఫర్ సంఘం లెక్క వినడానికి తేలిక. ఒక సంస్థ ఏడాది ఖర్చు వంద యూరోలు అనుకుందాం. అందులో దాదాపు మూడో వంతు కంపెనీలు తమకు కావలసిన పని అప్పగించి చెల్లిస్తాయి. ఇంకో మూడో వంతు ప్రభుత్వ ప్రాజెక్టుల నుంచి వస్తుంది, అదీ పోటీలో నెగ్గి తెచ్చుకోవాలి. మిగతా వంతు ఊరికే ఇచ్చే మూల నిధి. ఆ మూల నిధిలో 90 పాళ్లు కేంద్రం, 10 పాళ్లు రాష్ట్రాలు భరిస్తాయి. 1973లో వచ్చిన ఏర్పాటు ప్రకారం ఈ మూల నిధి బయటి సంపాదనతో ముడిపడి ఉంటుంది. కంపెనీల గడప తొక్కని సంస్థకు ప్రభుత్వ సొమ్ము కూడా తగ్గుతుంది. అలాగని మొత్తం కంపెనీల డబ్బుతోనే నడిస్తే అది పరిశోధనశాల కాకుండా పోతుంది. వచ్చే ఏడాది సరుకు తప్ప పదేళ్ల తర్వాతి సంగతి పట్టని చోటవుతుంది. ఆ మూడో వంతు మూల నిధి అందుకే. ఎవరూ ఇంకా అడగని ప్రశ్న మీద నాలుగేళ్లు కూర్చోవడానికి కావలసిన తీరిక దానితో కొంటారు.

మ్యూనిక్ నుంచి ఉత్తరంగా న్యూరెంబర్గ్, అక్కడి నుంచి పక్కనే ఎర్లాంగెన్. చిన్న విశ్వవిద్యాలయ పట్టణం. మన ఫోన్లలో కీరవాణి పాటో ఘంటసాల పద్యమో ఎంపీ3 రూపంలో చేరడానికి మూలం ఇక్కడి ఫ్రౌన్‌హోఫర్ సంస్థ. 1985లో పుట్టిన ఆ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, సహచరులు ఏళ్లకు ఏళ్లు పాటను కుదించే గణితం మీద పనిచేశారు. ఆ పని నడిచిన మొదటి ఏళ్లలో దానితో డబ్బొస్తుందని చెప్పగలిగినవారు తక్కువ. తర్వాత పేటెంట్ల మీద వచ్చిన ఆదాయంలోంచి కొంత తీసి 2008లో మరో పరిశోధన నిధి పెట్టారు. ప్రజల సొమ్ము కొంత తిరిగి ప్రజల పరిశోధనకే చేరింది.

న్యూరెంబర్గ్ నుంచి యేనాకు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కితే కాసేపటికి కొండలు దగ్గరవుతాయి. జాలె నది పక్కనే వస్తూ ఉంటుంది, వంపు తిరిగిన ప్రతి చోటా గుట్ట మీద ఒక పాత కోట. పూర్వపు తూర్పు జర్మనీ సరిహద్దు ఎక్కడ దాటామో రైల్లో కూర్చుంటే తెలియదు. యేనా పారడీస్ స్టేషన్‌లో దిగాను. చుట్టూ సున్నపురాతి కొండలు, నడుమ ఊరు. 1846లో కార్ల్ జైస్ ఇక్కడ సూక్ష్మదర్శినులు చేసే చిన్న దుకాణం తెరిచాడు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఎర్న్‌స్ట్ అబ్బె అతనికి తోడయ్యాడు. మంచి కటకానికి మంచి గాజు కావాలి. దానికి ఒట్టో షాట్ వచ్చాడు. షాట్ గాజు ప్రయోగాలకు ప్రష్యా ప్రభుత్వం డబ్బిచ్చింది. వేరే రాజ్యంలోని ప్రైవేటు ప్రయోగశాలకు ప్రష్యా ఎందుకివ్వాలి? శాస్త్ర పరికరాల గాజుకు పరాయి దేశాల మీద ఆధారపడకూడదన్న పట్టుదల.

జైస్ పోయాక అబ్బె చేసిన పని నన్ను చాలాసేపు ఆ ఊళ్లో నిలబెట్టింది. 1889లో ఆయన కార్ల్ జైస్ ఫౌండేషన్ పెట్టి, ఆ తర్వాత కంపెనీలో తన వాటాను దానికి రాసిచ్చేశాడు. లాభాల్లో భాగం విశ్వవిద్యాలయానికీ, ఊరికీ పోవాలని నిబంధన. 1900లోనే అక్కడి కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. ఫౌండేషన్ సొమ్ముతో కట్టిన ప్రజాభవనం ఊరి నడుమ ఇప్పటికీ ఉంది. దానం పేరిట ఏటా ఇంత అని విదిల్చడం వేరు, యాజమాన్యాన్నే ఊరికి కట్టేయడం వేరు. మన పారిశ్రామికవేత్తల్లో ఉదారులు లేకపోలేదు. కానీ ఈ రెండో పని చేసినవారు బహు అరుదు.

1989లో బెర్లిన్ గోడ కూలింది. యేనాలోని భారీ ప్రభుత్వ జైస్ కర్మాగారం ముక్కలైంది, వేలమంది వీధిన పడ్డారు. ఊరు నిలబడటానికి కారణాల్లో ఒకటి 1992లో అక్కడ ఫ్రౌన్‌హోఫర్ సంస్థ తెరవడం. జైస్, ట్రంఫ్ కంపెనీలు, యేనా ఫ్రౌన్‌హోఫర్ సంస్థ కలిసి చేసిన అతినీలలోహిత కాంతి పరిశోధనకు 2020లో జర్మన్ అధ్యక్షుడి పురస్కారం దక్కింది. ప్రపంచంలో అత్యాధునిక చిప్‌లు చెక్కే యంత్రాల్లో వాడే అద్దాలు ఆ పని ఫలితమే.

తర్వాత లైప్‌జిగ్‌లో రైలు మారాను. లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు 1839లో పడిన ఆ దారి జర్మనీలో మొదటి దూరప్రయాణపు రైలుమార్గం. డబ్బు లైప్‌జిగ్ వర్తకులది, షేర్లు అమ్మి పోగుచేసింది. 1876లో సాక్సనీ ప్రభుత్వం కొనేసుకుంది. ఆ రైల్లో నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే ఎదుటి సీటు కుర్రాడు తలెత్తాడు.

"తెలుగోళ్లా సార్?"

జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నానో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ప్రయోగశాలలో గంటల లెక్కన పని చేస్తాడట, అక్కడ చదివే మనవాళ్లంతా ఆ పనిని 'హీవి' అంటారు. మీ ల్యాబ్‌కు డబ్బెవరు ఇస్తారని అడిగాను.

"ఒక్కలు కాదు సార్. మిషన్ కంపెనీ ఇచ్చింది. నా జీతం ప్రాజెక్టుల నుంచి వస్తది. బిల్డింగు, కరెంటు యూనివర్సిటీది. మిషన్ చూసుకునే ఇంజినీర్ మాత్రం పర్మనెంటు. ఆయన ఇరవై ఏండ్ల సంది అక్కడనే ఉన్నడు. ఆయన లీవ్ పెడితె మా పనంత బందే."

కాసేపు కిటికీలోంచి ఆపిల్ తోటలు చూసి మళ్లీ అతనే అడిగాడు. "మన దగ్గర గూడ జిల్లాలల్ల హబ్బులు అంటున్నరు గదా సార్. అండ్ల మిషన్ ఖరాబైతె ఎవరు బాగుచేస్తరు?"

నా ప్రయాణంలో నాకు దొరికిన అసలు ప్రశ్న అది. డ్రెస్డెన్‌లో దానికి జవాబు వెతుక్కున్నాను.

డ్రెస్డెన్ 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో తగలబడింది. ఎల్బె నది ఒడ్డున ఫ్రౌయెన్‌కిర్షె చర్చి నలభై ఏళ్లకు పైగా రాళ్లగుట్టగానే ఉండిపోయింది. 1994లో మొదలుపెట్టి 2005 నాటికి మళ్లీ కట్టారు. ఖర్చు దాదాపు 18 కోట్ల యూరోలు, అందులో 10 కోట్లకు పైగా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విరాళాలు. గుంటర్ బ్లోబెల్ అనే శాస్త్రవేత్త 1999లో తనకొచ్చిన నోబెల్ బహుమతి సొమ్మును ఈ నగర పునర్నిర్మాణానికి ఇచ్చేశాడు. గోడల్లో లేతరంగు రాళ్ల మధ్య నల్లగా కనిపించేవి పాత చర్చి రాళ్లు. కింద నిలబడి తలెత్తి చూస్తే గొంతు పట్టుకుపోయింది. నాలుగు చేతుల సొమ్ము కలిస్తే ఏం నిలబెట్టవచ్చో అక్కడ కంటికి కనబడుతుంది.

చిప్‌ల కథ ఊరికి ఉత్తరాన. 7వ నంబరు ట్రామ్ పాతపేటలు దాటి, పైన్ చెట్ల మధ్య నుంచి ఇన్ఫినియన్ చిప్‌ల కర్మాగారం పక్కగా పోతుంది. ఈ విద్య ఇక్కడికి ఇవాళ రాలేదు. 1961లో వెర్నర్ హార్ట్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త తూర్పు జర్మనీ ప్రభుత్వ సొమ్ముతో ఇక్కడ సూక్ష్మ ఎలక్ట్రానిక్స్ కేంద్రం పెట్టాడు. 1974లో రహస్య పోలీసులు ఆయన్ను అనుమానించి తీసేశారు. ఆ కేంద్రపు వారసులే 1988లో ఒక మెగాబిట్ చిప్ చేసి దేశాధినేత హోనెకర్ చేతికిచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ రాజ్యమే కుప్పకూలే దశకు వచ్చింది.

మిగిలింది పని తెలిసిన మనుషులు. ఏకీకరణ తర్వాత సాక్సనీ ముఖ్యమంత్రి అయిన కుర్ట్ బీడెన్‌కోప్ఫ్ రాష్ట్రమంతటా డబ్బు చిలకరించకుండా కొన్ని చోట్లే గట్టిగా పెట్టాలని నిర్ణయించాడు. దీపస్తంభాల విధానం అని దానికి పేరు. 1994లో సీమెన్స్ రావడానికి, ఆ తర్వాత అమెరికా కంపెనీ ఏఎండీ ఒప్పుకోవడానికి భారీ రాయితీలు ఇచ్చారు. తూర్పు, పశ్చిమ జర్మన్లందరూ జీతంలోంచి కట్టిన సంఘీభావ పన్ను తూర్పు పునర్నిర్మాణానికి అండగా నిలిచిన కాలమది. కానీ రాయితీతో పాటే ఫ్రౌన్‌హోఫర్ సంస్థలు, విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు కూడా ఊళ్లోనే పెరిగాయి. 2005లో ఫ్రౌన్‌హోఫర్, ఇన్ఫినియన్, ఏఎండీ మూడూ కలిసి నానో ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఒకటి తెరిచాయి. 2006లో ఇన్ఫినియన్ నుంచి విడివడిన మెమరీ కంపెనీ కిమోండా, విశ్వవిద్యాలయం కలిసి నామ్‌లాబ్ అనే చిన్న పరిశోధన సంస్థ పెట్టాయి.

తర్వాత మెమరీ చిప్ ధరలు పడిపోయాయి. సాక్సనీ ప్రభుత్వం 15 కోట్ల యూరోలు అప్పు ఇస్తామంది, అది చాలలేదు. 2009 జనవరి 23న కిమోండా దివాలా పిటిషన్ వేసింది. డ్రెస్డెన్‌లో సుమారు మూడు వేలమంది ఉద్యోగాలు పోయాయి. పన్ను కట్టినవాడి కడుపు మండటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. రాయితీలిచ్చి తెచ్చిన కంపెనీ, మన కళ్లముందే పోయింది.

ఇక్కడే నేను పాఠకుడిని కాస్త ఆగమంటాను. కిమోండా ప్రయోగశాలలో దివాలాకు కొంతకాలం ముందు ఒక విచిత్రం బయటపడింది. చిప్‌లలో అప్పటికే వాడుతున్న హాఫ్నియం ఆక్సైడ్ అనే పదార్థానికి కొద్దిగా సిలికాన్ కలిపి, పలచని పొరగా చేస్తే, కరెంటు తీసేసినా దానికి పెట్టిన విద్యుత్ దిశ చెరగకుండా ఉంటోంది. అంటే అది గుర్తుపెట్టుకుంటోంది. మరీ పలచని పొరల్లో ఆ గుణం నిలిచే పదార్థం కోసం చిప్ తయారీదారులు ఎంతో కాలంగా వెతుకుతున్నారు. కంపెనీ పోయింది కదా, ఆ నోటుపుస్తకాలు కూడా వేలంలో కుర్చీలతో పాటు పోవలసింది. పోలేదు. నామ్‌లాబ్‌లో కిమోండా వాటాను కూడా విశ్వవిద్యాలయం తీసుకుని సంస్థను నిలబెట్టింది. ఫ్రౌన్‌హోఫర్ కేంద్రమూ తలుపులు మూయలేదు. ఆ పరిశోధకుల్లో కొందరు ఊళ్లోనే ఉండి అదే పదార్థం మీద పని సాగించారు. 2011లో ఫలితం ప్రచురించారు. ప్రపంచమంతటా పరిశోధనశాలలు ఆ దారి పట్టాయి. 2016లో నామ్‌లాబ్ నుంచి ఎఫ్‌ఎంసీ అనే కొత్త కంపెనీ పుట్టింది. 2020లో దానిలో మెర్క్, బాష్‌ల పెట్టుబడి విభాగాలు, కొరియా మెమరీ కంపెనీ ఎస్‌కే హైనిక్స్ డబ్బు పెట్టాయి.

ఆ చీకటి ఏళ్లలో ఏ ప్రైవేటు పెట్టుబడిదారూ ఈ పనిని ఒంటరిగా మోయలేదు, మోయమనడం న్యాయమూ కాదు. ప్రభుత్వ సొమ్ము మోసింది. అదీ ఒక చిన్న సంస్థ అద్దె, యంత్రాల మరమ్మతు, కొద్దిమంది జీతాలు. కంపెనీని కాపాడటానికి ఇస్తామన్న 15 కోట్లతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. నా దృష్టిలో ప్రభుత్వ సొమ్ముకు తగిన చోటు అదే. కంపెనీలు వస్తాయి, పోతాయి. ధరలు, వడ్డీలు, దేశాల మధ్య తగవులు వాటిని నడిపిస్తాయి. వాటి డబ్బు తప్పకుండా కావాలి, ఎందుకంటే ఈ పని ఎవరికైనా అక్కరకొస్తుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పేది అదొక్కటే. కానీ చేతిపని తెలిసినవాళ్లు ఊరొదిలి పోకుండా పట్టుకోవలసింది ప్రజల సొమ్ము.

ఇప్పుడు డ్రెస్డెన్‌లో క్రేన్లు మళ్లీ తిరుగుతున్నాయి. 2021లో బాష్ దాదాపు 100 కోట్ల యూరోల కర్మాగారం తెరిచింది. 2024 ఆగస్టు 20న తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ నేతృత్వంలో కొత్త కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1,000 కోట్ల యూరోలకు మించిన ఆ పెట్టుబడిలో 500 కోట్లు జర్మన్ ప్రభుత్వ సాయం. టీఎస్ఎంసీకి 70 శాతం వాటా, బాష్, ఇన్ఫినియన్, ఎన్‌ఎక్స్‌పీలకు తలా 10 శాతం. సగం ప్రజల సొమ్ము పోస్తున్నప్పుడు ప్రజలకు ఏం దక్కుతుందని అక్కడి పత్రికలు గట్టిగానే అడిగాయి, అడగాలి కూడా. పక్క రాష్ట్రంలోని మాగ్డెబర్గ్‌లో ఇంటెల్‌కు దాదాపు 1,000 కోట్ల యూరోలు ఇస్తామన్నారు. 2025 జులైలో ఇంటెల్ ఆ ప్రాజెక్టు మానుకుంది. ఆ కంపెనీ కష్టాలు వేరే, నిజమే. కానీ డ్రెస్డెన్‌లో అరవై ఏళ్లుగా పోగుపడిన పనివాళ్లు, ప్రయోగశాలలు మాగ్డెబర్గ్‌కు లేవు. ఒక్క కంపెనీ మీదే ఆశ పెట్టుకున్న ఊరికి అది కాదంటే మిగిలింది ఖాళీ పొలం.

దీపస్తంభాల నీడలో పడ్డ ఊళ్ల బాధ కూడా ఉంది. సాక్సనీ తూర్పు కొసన, పోలండ్ సరిహద్దు దగ్గర బొగ్గుగనుల ప్రాంతం లౌజిట్స్ ఉంది. 2038 నాటికి బొగ్గు మానేయాలని చట్టం చేసి, దేశంలోని గని ప్రాంతాలన్నిటికీ కలిపి 4,000 కోట్ల యూరోల వరకు ఇస్తామన్నారు. అక్కడ ఖగోళ పరిశోధన కేంద్రం పెట్టాలని 2022లో నిర్ణయించారు. ప్రైవేటు డబ్బు ఇంకా రాని చోట ప్రభుత్వం ముందు అడుగేస్తోంది. యువకులు వలసపోయిన ఊళ్లలో అది ఎంతవరకు పాతుకుంటుందో చూడాలి. నేను మాత్రం ఆ ప్రయత్నం వైపే ఉన్నాను.

జగిత్యాల కుర్రాడికి ఆ రైల్లోనే నేను చెప్పింది మన కథ. బాలానగర్‌లో 1960లలో సోవియట్ సాయంతో ప్రభుత్వం కట్టిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం తర్వాత ఖాయిలా పడింది. కానీ అక్కడ పనిచేసిన అంజిరెడ్డి వంటివాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. హైదరాబాద్ మందుల పరిశ్రమకు అదే బడి. వరప్రసాద్‌రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తేవడానికి ముందు సీసీఎంబీ అనే ప్రభుత్వ ప్రయోగశాల ఆ బృందానికి చోటిచ్చింది. తుర్కపల్లిలో 1999లో ఐసీఐసీఐ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 200 ఎకరాల్లో నాలెడ్జ్ పార్క్ పెట్టాయి. డ్రెస్డెన్‌లో ప్రైవేటు కంపెనీ పోతే ప్రభుత్వ ప్రయోగశాల విద్యను దాచింది. బాలానగర్‌లో ప్రభుత్వ కర్మాగారం పోతే ప్రైవేటు వాళ్లు దాచారు. మనకు ఈ పని రాదన్నది అబద్ధం.

2015లో టీ-హబ్ తెలంగాణ ప్రభుత్వంతో పాటు ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్‌ల భాగస్వామ్యంతో మొదలైంది. 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దాని శాఖలు పెట్టారు. సంతోషించదగిన పని. అయితే చెరువు తవ్వించడం ఒకెత్తు, ఏటా పూడిక తీయించడం ఇంకొకెత్తు. మన దగ్గర తొలి ఖర్చుకు డబ్బు దొరుకుతుంది. ఏడో ఏట యంత్రం మరమ్మతుకు, దాన్ని నడిపే మనిషి జీతానికి దొరకదు. కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద ఇచ్చే రెండు శాతంలోంచి ఇన్‌క్యుబేటర్లకు ఇవ్వవచ్చు. కానీ అది విరాళం. ఈ పని మాకు చేసిపెట్టండి, ఇదిగో డబ్బు అంటూ కంపెనీ ఇచ్చే కాంట్రాక్టు వేరు.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను కోరేది ఇది. ప్రతి కేంద్రానికీ పదేళ్ల మూల నిధి ముందే రాసివ్వండి, ప్రభుత్వం మారినా తెగకుండా. అందులో యంత్రాలు చూసుకునే ఇంజినీర్లకు శాశ్వత ఉద్యోగాలు పెట్టండి. కంపెనీలు కాంట్రాక్టుల కింద ఎంత చెల్లించాయో, విరాళం కింద ఎంత ఇచ్చాయో విడివిడిగా ఏటా బయటపెట్టండి. చదువరీ, మీ ఊళ్లో ఇలాంటి కేంద్రం తెరిస్తే రిబ్బన్ కత్తిరించిన రోజు వెళ్లకపోయినా ఫరవాలేదు. మూడేళ్ల తర్వాత ఒకసారి వెళ్లి, ఇక్కడి యంత్రం పాడైతే బాగుచేసే మనిషెవరని అడగండి. పేరు చెప్పగలిగితే ఆ కేంద్రానికి మీ పిల్లల్ని పంపండి.